సస్పెన్స్ రాద్దాం – 5వ పాఠం: పెద్దమ్మకి తెలుసు, వాడికి తెలియదు

గత పాఠంలో మన హీరోయిన్‌ని ఖాయం చేసుకున్నాం. సుగుణమ్మ, 68 ఏళ్లు. జనగామ పోస్టాఫీసులో క్లర్కుగా చేసి 2016లో రిటైరైంది. భర్త 2011లో పోయాడు. పిల్లల్లేరు. ఆయన పేరు మీదున్న మూడెకరాల మీద మరిది కొడుకు రమేశ్ కన్ను పడింది. ఇవాళ కథకి మొదటి ముడి వేద్దాం.

పెద్దావిడని హీరోగా పెట్టుకున్నవాళ్లు సాధారణంగా రెండు పనులు చేస్తారు. చివర్లో ఆమె చేత రౌడీలను కొట్టిస్తారు, లేదా ఆమెను అమాయకురాలిని చేసి పక్కింటి కుర్రాడి చేత గుట్టు విప్పిస్తారు. రెండూ వద్దు. (మోకాళ్ల నొప్పుల మీద జోకులు కూడా వద్దు, దయచేసి.) ఆమె బతుకులోంచే కథ కదలాలి.

ముందు రమేశ్ ఏ కాగితం పుట్టించాలో చూద్దాం. దొంగ సేల్ డీడ్ అయితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దాని నకలు ఉండాలి. లేదని తేలగానే కథ అయిపోతుంది. వీలునామాకి ఆ బెడద లేదు. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసినవాడి సంతకం, ఇద్దరు సాక్షులు ఉంటే తెల్లకాగితం మీదైనా చెల్లుతుంది. కాబట్టి రమేశ్ 2009 తేదీతో, పెద్దనాన్న రాసినట్టుగా ఒక వీలునామా తయారు చేశాడు. పెద్దమ్మ అడ్డుపడకుండా ‘నాకు అభ్యంతరం లేదు’ అని ఇంకో కాగితం మీద ఆమె సంతకం కావాలి.

తప్పు ఎక్కడ పెడదాం? అడ్రసులో. వీలునామాలో ‘జనగామ జిల్లా’ అని ఉంది. ఆ జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరు 11న. 2009లో జనగామ వరంగల్ జిల్లాలో ఉండేది. రమేశ్‌కి చెయ్యి అలవాటు, అలాగే రాసేశాడు. ఏళ్ల తరబడి అడ్రసులు చదివిన మనిషి కళ్లు మాత్రం అక్కడే ఆగుతాయి. ఈ సంగతిని మొదటి అధ్యాయంలోనే విత్తుకోండి: పాత కవరు మీద ‘వరంగల్ జిల్లా’ కొట్టేసి ఆమె కొత్త జిల్లా రాసుకుంటున్నట్టు ఒక్క వాక్యం, అంతే. నొక్కి చెప్పారంటే పాఠకుడు పసిగట్టేస్తాడు.

ఇప్పుడు సీను.

*తన ఫోన్‌లో చార్జింగ్ లేదని రమేశ్ పెద్దమ్మ ఫోన్ తీసుకుని అరుగు మీదికి వెళ్లాడు. సుగుణమ్మ కళ్లద్దాలు పెట్టుకుని వీలునామా చదివింది. మూడో లైను దగ్గర ఆగి, మళ్లీ పైకి వెళ్లి తేదీ చూసింది. వాడి చెప్పుల చప్పుడు వినిపించగానే అద్దాలు తీసి చెంగులో చుట్టేసింది.*

*‘‘పెట్టినవా పెద్దమ్మా?’’*

*‘‘అద్దాలు ఏడ పెట్టిన్నో కనిపిస్తలేవు బిడ్డా. రేపు పొద్దుగాల రా.’’*

*‘‘చదివేదేముంది, ఉత్త ఫార్మాలిటీ.’’*

*‘‘గీత కనపడకుంట సంతకమెట్ల పెడుదురా?’’*

ఇందులో అసలు కిటుకు అద్దాలు దాచడం కాదు, ఆమె ఎందుకు నోరు విప్పలేదన్నది. భయపడి ఊరుకుందని రాస్తే సీను చచ్చిపోతుంది. తప్పు ఫలానా చోట ఉందని ఆమె అన్న మరుక్షణం వాడు ఆ కాగితం చింపేసి, వరంగల్ జిల్లా అని ఇంకోటి రాసుకొస్తాడు. అందుకే ఈ కాగితం ఇలాగే, ఈ తప్పుతోనే, ఏదో ఒక ఆఫీసులో దాఖలు కావాలి. అప్పటిదాకా ఆమె సంతకం పెట్టకూడదు, వాడికి అనుమానం రాకూడదు. టెన్షన్ అక్కడ పుడుతుంది. అగాథా క్రిస్టీ 1930లో తొలిసారి నవలకెక్కించిన డిటెక్టివ్ మిస్ మార్పుల్ కూడా పెద్దావిడే, కానీ అక్కడ హంతకుడెవరో చివరిదాకా దాస్తారు. అది పజిల్. మనం దొంగని ముందే చూపించేశాం, కాబట్టి పాఠకుడు ‘ఎవరు’ అని కాదు, ‘వాడు కనిపెట్టేస్తాడా’ అని చదువుతాడు.

‘ఫొటో తీసుకోవచ్చు కదా’ అని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఫోన్ వాడి చేతిలో ఉంది. ఇలాంటి ప్రశ్నలకి జవాబు సీనులోనే ఉండాలి, తర్వాత సంజాయిషీ ఇస్తే నప్పదు.

అభ్యాసం: మర్నాడు పొద్దున రమేశ్ కొత్త కళ్లద్దాలు కొని తెచ్చాడు. ఆ సీను ఒక పేజీలో రాయండి. ఆమె ఏడవకూడదు, ఒకే ఒక్క అబద్ధం ఆడాలి, సంతకం మాత్రం పడకూడదు. వాడు ఫోన్ తిరిగిచ్చేటప్పుడు కాల్ లిస్టు చెరపడం మర్చిపోయాడు. అందులో ఉన్నది వీలునామాలోని రెండో సాక్షి నంబరు. ఆమె ఆ నంబరుకి ఎప్పుడు ఫోన్ చేయాలన్నది 6వ పాఠంలో చూద్దాం.