పావు వాట్ చోట అర వాట్ రెసిస్టర్ పెట్టవచ్చా?

సింథసైజర్ మాడ్యూల్ కట్టడానికి కూర్చుంటే ప్రతిసారీ ఏదో ఒక రెసిస్టర్ దగ్గర ఆగిపోతాను. ఓమ్‌లు సరిపోతాయి, వాటేజీ కుదరదు. పెద్దది పెట్టడానికి భయం అక్కర్లేదు. వాటేజీ అంటే ఆ రెసిస్టర్ ఎంత వేడిని తట్టుకుంటుందనే లెక్క. అర వాట్‌ది పెట్టినంత మాత్రాన కరెంటు పెరగదు, స్వరం మారదు.

చిన్నది పెట్టేటప్పుడే లెక్క వేయాలి. రెసిస్టర్ మీద పడే వోల్టేజీని వర్గం చేసి ఓమ్‌లతో భాగించండి. ±12 వోల్టుల బోర్డులో ఎంత పడినా 24 వోల్టులే. అంతా 100కె (కె అంటే వెయ్యి ఓమ్‌లు) మీద పడినా 6 మిల్లీవాట్లు కావు. 10కె అయితే 58. 1/8 వాట్ అంటే 125 మిల్లీవాట్లు. అందులో సగం దాటనివ్వకూడదన్నది నా నియమం. అందుకే 10కె, ఆపైన ఉన్నవాటికి 1/8 వాట్‌వి నిశ్చింతగా వాడతాను. 1కె దగ్గర మాత్రం ఆగండి. 12 వోల్టులు పడితే 144 మిల్లీవాట్లు, 1/8 వాట్‌ది మాడుతుంది. పావు వాట్‌వి 2కె రెండు సమాంతరంగా (పారలల్‌గా) కలిపితే అర వాట్ 1కె తయారవుతుంది.

పావు వాట్ రెసిస్టర్ ఒళ్లు సుమారు 6 మిల్లీమీటర్లు, అర వాట్‌ది 9. రంధ్రాల మధ్య పట్టకపోతే నిలబెట్టి సోల్డర్ చేయండి. వంచిన కాలు పక్కదానికి తగలకూడదు. ఆసిలేటర్‌లో (స్వరాన్ని పుట్టించే సర్క్యూట్‌లో) శ్రుతిని నిర్ణయించే చోట వాటేజీ కన్నా రకం ముఖ్యం. 1 శాతం మెటల్ ఫిల్మ్ తీసి 5 శాతం కార్బన్ ఫిల్మ్ పెడితే, గది వేడెక్కేకొద్దీ శ్రుతి మరింత జారుతుంది.

పెద్దది పెట్టకూడని చోటు ఒకటుంది: పవర్ లైన్‌లోని 10 ఓమ్‌ల రెసిస్టర్. దాని వెనుక రక్షణ డయోడ్ ఉంటే, కనెక్టర్ తిరగేసి గుచ్చినప్పుడు ఆ రెసిస్టర్ కాలి తెగిపోయి మిగతా బోర్డును కాపాడుతుంది. గట్టిగా ఉంటుందని నేను ఒకసారి అక్కడ 2 వాట్‌ది పెట్టాను. ఒక రాత్రి కనెక్టర్ తిరగబడింది. దాని మీద 12 వాట్లకు పైగా పడినా వెంటనే తెగలేదు. కింద బోర్డు నల్లగా మాడి, రాగి గీత లేచిపోయింది. ఆ గీత బదులు సన్నటి తీగ అతికించాను. రెసిస్టర్ మళ్లీ పావు వాట్‌దే, బోర్డుకు 2 మిల్లీమీటర్ల ఎత్తులో.