కిలోల్లో నింపండి, నిమిషాల్లో లెక్కపెట్టండి

డిస్పాచర్‌గా విమానాలకు ఇంధనం లెక్క కట్టడం నా పని. చాలా ఏళ్లు రాత్రి డ్యూటీలే. కొత్తగా చేరినవాళ్లు పక్కన కూర్చుని మొదట అడిగేది ఒకటే: "ఆలస్యమవుతుందని అనుమానముంటే ట్యాంకు నిండా పోయిస్తే సరిపోతుంది కదండీ?" సరిపోదు. బరువు మోయడానికీ ఇంధనమే కావాలి. అదనంగా వేసిన ప్రతి వంద కిలోల్లో గంటకు సుమారు 3 కిలోలు ఆ బరువును మోయడానికే కాలిపోతాయి. పైగా దగ్గరి ప్రయాణమైతే, దిగే వేళకు విమానం ల్యాండింగ్‌కు అనుమతించిన బరువును మించిపోవచ్చు.

కాగితం తీసుకోండి. రెండు ఇంజన్ల జెట్, రెండు గంటల ప్రయాణం అనుకుందాం. లెక్క తేలికగా ఉండాలని అంకెలు కాస్త సర్దాను. మీరు మాత్రం మీ విమానం మాన్యువల్‌లో ఉన్నవే వాడాలి.

నేల మీద రన్‌వే దాకా వెళ్లడానికి 200 కిలోలు. ప్రయాణానికి 5,000. దానిపై అదనంగా 5 శాతం, అంటే 250, ఎదురుగాలి ముదిరినా మేఘాలను చుట్టి వెళ్లాల్సి వచ్చినా పనికొస్తుంది. దీన్ని కంటింజెన్సీ అంటాం. అనుకున్నచోట దిగలేకపోతే ప్రత్యామ్నాయ విమానాశ్రయం చేరడానికి 1,500. చివరిది ఫైనల్ రిజర్వ్: జెట్‌కు 1,500 అడుగుల ఎత్తున 30 నిమిషాలు చక్కర్లు కొట్టేంత. నిమిషానికి 40 కిలోల చొప్పున 1,200. మొత్తం 8,150. ఫైనల్ రిజర్వ్‌ను మీది కాని సొమ్ములా చూడండి. చక్రాలు నేలను తాకే వేళకు అది ట్యాంకులోనే ఉండాలి.

ఇందులో గమ్యం దగ్గర పడిగాపులకు వేరే వాటా లేదని గమనించారా? అది మనం వెతికి చేర్చాల్సిందే. వాతావరణ సూచన, నోటామ్‌లు (రన్‌వే మూసివేత లాంటి మార్పుల గురించి పైలట్లకు ఇచ్చే నోటీసులు), అదే వేళకు దిగే విమానాల రద్దీ చూడాలి. ఒక రాత్రి ఒక కెప్టెన్ నా కాగితం చూసి ఇంకో 800 కావాలన్నారు. ఎందుకు సార్ అన్నాను. మాట్లాడకుండా నోటామ్‌లో ఒక వరుస కింద గోటితో గీత గీశారు. గమ్యంలో ఉన్న రెండు రన్‌వేలలో ఒకటి ఆ రాత్రి మరమ్మతులకు మూసేస్తున్నారు. ఆ వరుస నేనూ చదివాను. చదివానేగానీ నిమిషాల్లోకి మార్చలేదు. 800 అంటే 20 నిమిషాలు. దాన్ని రెండు గంటలు మోయడానికి మరో 50. అలా 9,000 అయింది.

ఇక పైన చక్కర్లు మొదలయ్యాక చేయాల్సింది తీసివేత. గమ్యం దగ్గరికి వచ్చేసరికి 3,500 ఉందనుకోండి. ప్రత్యామ్నాయానికి 1,500, ఫైనల్ రిజర్వ్ 1,200 తీసేస్తే 800. అంటే 20 నిమిషాలు. గడియారం చూసి, ప్రత్యామ్నాయానికి బయల్దేరాల్సిన వేళను పెన్నుతో రాసిపెట్టుకోండి. కంట్రోలర్ 35 నిమిషాలు ఆగమంటే "ఈలోపు పిలుస్తారులే" అని కూర్చోకూడదు. ప్రత్యామ్నాయం మరీ పక్కనే ఉండటమూ నాకు నచ్చదు. పొగమంచు రెండింటినీ కలిపే కప్పేస్తుంది. లేదా అందరూ అక్కడికే వచ్చి, విమానం నిలపడానికి చోటుండదు.

కంట్రోలర్‌తో మాట విషయంలో మొహమాటం వద్దు. ఇంకే ఆలస్యమైనా ఫైనల్ రిజర్వ్‌లో చెయ్యి పెట్టాల్సి వస్తుందనిపిస్తే "మినిమమ్ ఫ్యూయల్" అనాలి. పెట్టక తప్పదని లెక్క తేలితే అత్యవసర పరిస్థితిని ప్రకటిస్తూ "మేడే ఫ్యూయల్". 1990 జనవరి 25న న్యూయార్క్ దగ్గర ఏవియాంకా 52 విమానం మూడు విడతలుగా గంటకు పైగా గాల్లో ఆగింది. ఇంధనం అయిపోతోందని చెప్పారుగానీ అత్యవసర పరిస్థితి అని ప్రకటించలేదు. 158 మందిలో 73 మంది చనిపోయారు.

దిగాక మిగిలినదెంతో అదే కాగితం మీద రాసి దాచండి. మరుసటి వారం అదే వేళకు అదే పనికొస్తుంది. ఆ రాత్రి కెప్టెన్ అడిగిన 800లో మిగిలింది 160.