తడబడుతున్న రూకీ క్వార్టర్‌బ్యాక్‌ని ట్రేడ్‌లో తెచ్చుకోవచ్చా? 4వ పాఠం: శాక్ ఎవరి ఖాతాలో వెయ్యాలి

ఇది అమెరికన్ ఫుట్‌బాల్ సంగతి: క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి అందుకుని విసిరేవాడు, రూకీ అంటే మొదటి ఏడాది ఆటగాడు, ట్రేడ్ అంటే జట్ల మధ్య మార్పిడి, శాక్ అంటే బంతి విసరకముందే అవతలి జట్టు వాణ్ని పడగొట్టడం. ఇంటర్‌సెప్షన్లు ఎక్కువిచ్చిన రూకీని తెచ్చుకోవచ్చా అన్న పోయిన పాఠానికి మీరు పంపిన జవాబులన్నీ చదివాను. ఎక్కువమంది ఒకే చోట బోల్తా పడ్డారు. కోల్ట్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్ పేటన్ మ్యానింగ్ 1998లో, తన మొదటి ఏడాదే, 28 ఇంటర్‌సెప్షన్లు (అవతలి జట్టు పట్టేసిన త్రోలు) ఇచ్చాడు, మరుసటి ఏడాదికల్లా కోల్ట్స్ 13 మ్యాచ్‌లు గెలిచింది, కాబట్టి ఇంటర్‌సెప్షన్లు చూసి బెదరక్కర్లేదు, ధైర్యంగా పిక్ (కొత్త ఆటగాళ్ల డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతు, ఎంత ముందుదైతే అంత విలువ) ఇచ్చి తెచ్చుకోవచ్చు అని తేల్చేశారు. నేను చెప్పింది అది కాదు. అలాగే బంతులు పారేసుకుని, ఆ తర్వాత ఎవరికీ గుర్తు లేకుండా పోయిన కుర్రాళ్లని మీ లెక్కలో ఎక్కడ పెట్టారు?

మ్యానింగ్ అదే సీజన్ పట్టికలో పక్క గడి చూడండి. 575 త్రోలు వేస్తే శాక్ అయింది 22 సార్లే. బంతి తప్పుడు చోటికి వెళ్లి ఉండొచ్చు కానీ చేతిలోంచి టైముకి వెళ్లిపోయింది. ఎటు వెయ్యాలో తేల్చుకోలేక బంతి పట్టుకుని నిలబడిపోయే కుర్రాడిది వేరే జబ్బు. ఈ పాఠం వాడి గురించే. శాలరీ క్యాప్ (జట్టు జీతాల మీద పరిమితి), పిక్‌ల విలువ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

"లైన్ బాలేదండీ, పాపం కుర్రాడేం చేస్తాడు?" (లైన్ అంటే క్వార్టర్‌బ్యాక్‌ని కాచే ముందు వరస.) ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఇక్కడ ఆడేవాడు నోరు మెదపకపోయినా చూసేవాళ్లే మద్దెలని తిడతారు. లైన్ తప్పు ఉండదని కాదు, తేల్చడానికి దారి ఉండగా ఊహించడం ఎందుకని. దారి ఒకటే: అదే లైన్ వెనక ఇంకొకడు ఆడితే ఏమయిందో చూడాలి.

జోష్ రోజెన్ సంగతే తీసుకోండి. 2018లో అరిజోనా పదో పిక్‌తో తీసుకుంది. ఆ ఏడాది 11 టచ్‌డౌన్లు, 14 ఇంటర్‌సెప్షన్లు, 45 శాక్‌లు. సీజన్ మధ్యలో అఫెన్స్ కోచ్‌ని తీసేశారు, సీజన్ అయ్యాక హెడ్ కోచ్‌నీ పంపేశారు. కొత్త కోచ్‌కి కైలర్ మర్రే అనే వేరే క్వార్టర్‌బ్యాక్ కావాలి, అందుకే రోజెన్ అమ్మకానికొచ్చాడు. కాబట్టి అమ్ముతున్నారంటే పనికిరాడనే అర్థం కాదు, అక్కడి వరకు అతని తరఫున వాదించినవాళ్లు కరెక్టే. మయామీ 62వ పిక్, దాంతోపాటు మరుసటి ఏడాది ఐదో రౌండ్ పిక్ ఇచ్చి తెచ్చుకుంది. 2019లో అక్కడ రోజెన్ 109 త్రోలు వేసి 16 సార్లు శాక్ అయ్యాడు. అదే జట్టులో, అదే ఏడాది, ఇంకో క్వార్టర్‌బ్యాక్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 502 త్రోలకి 40 సార్లు. ఆ లైన్ మంచిదని ఎవరూ అనలేరు. అయినా ఇద్దరి మధ్య అంత తేడా ఉందంటే ఆ తేడా రోజెన్‌దే.

2021లో జెట్స్ జట్టు రూకీ జాక్ విల్సన్‌దీ ఇదే వరస. 383 త్రోలకి 44 శాక్‌లు. విల్సన్ గాయంతో బయట కూర్చున్నప్పుడు అతని బదులు మైక్ వైట్ వచ్చి, బంతి చకచకా వదిలేస్తూ బెంగాల్స్ మీద 405 గజాలు వేశాడు, మ్యాచ్ కూడా గెలిచాడు.

ఇక రామ్స్ జట్టు రూకీ జారెడ్ గాఫ్. 2016లో ఏడు మ్యాచ్‌లు మొదలుపెట్టి ఏడూ ఓడాడు, 205 త్రోలకి 26 శాక్‌లు. అదే లైన్ వెనక ఆ జట్టు ఇంకో క్వార్టర్‌బ్యాక్ కీనమ్‌కి 322 త్రోలకి 23. పై పరీక్షలో గాఫ్ ఫెయిలే. కానీ 2017లో హెడ్ కోచ్‌గా మెక్‌వే వచ్చాడు, లైన్‌లో ఎడమ ట్యాకిల్‌గా విట్‌వర్త్ వచ్చాడు, 477 త్రోలకి శాక్‌లు 25కి దిగాయి, టచ్‌డౌన్లు 28కి పెరిగాయి. మెక్‌వే ఏం చేశాడో దగ్గరగా చూడండి. జట్టుని త్వరగా లైన్ దగ్గర నిలబెట్టేవాడు, ప్లే క్లాక్‌లో (ఆట మొదలెట్టడానికి ఇచ్చే గడువు) 15 సెకన్లు మిగిలాయనగా కోచ్ మాట వినిపించే హెల్మెట్ రేడియో ఆగిపోయేలోపు డిఫెన్స్ ఎలా నిలబడిందో గాఫ్ చెవిలో చెప్పేవాడు. అంటే ఈ పరీక్ష తప్పు ఎవరిదో మాత్రమే చెబుతుంది, నయమవుతుందో లేదో చెప్పదు. మందు మీ కోచ్ దగ్గర ఉందా లేదా అన్నది మీరే చూసుకోవాలి. లేకపోతే ఇలాంటివాడికి మూడో రౌండ్ పిక్ మించి నేనైతే ఇవ్వను. టైముకి వేసి తప్పు చోటికి వేసేవాడికి రెండో రౌండ్ ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

పాసర్ రేటింగ్ (త్రోల లెక్కలన్నీ కలిపి ఇచ్చే మార్కు) నేను అసలు చూడను. థర్డ్ డౌన్‌లో (పది గజాలు దాటడానికి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఏడు గజాలకి పైన కావాల్సిన ఆటలు చూస్తే చాలు, కుర్రాడి గుట్టు అక్కడే తెలిసిపోతుంది.

అభ్యాసం: 2019 అక్టోబర్ 13న మయామీ, వాషింగ్టన్ ఆడిన మ్యాచ్ మొత్తం చూడండి. రోజెన్ మొదలుపెట్టాడు, నాలుగో క్వార్టర్‌లో ఫిట్జ్‌ప్యాట్రిక్ దిగాడు, 17-16తో మయామీ ఓడింది. కామెంటరీ మ్యూట్‌లో పెట్టి, స్టాప్‌వాచ్ పట్టుకుని, ఇద్దరి ప్రతి పాస్ ఆటకీ స్నాప్ (బంతి వెనక్కి అందించి ఆట మొదలెట్టడం) నుంచి బంతి వదిలేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. రెండున్నర సెకన్లు దాటిన ప్రతి ఆటా వెనక్కి తిప్పి, ఆ క్షణంలో ఖాళీగా ఉన్న రిసీవర్ (త్రో పట్టుకునేవాడు) ఎవరో, క్వార్టర్‌బ్యాక్ చూపు ఎటుందో పక్కనే రాయండి. ఒక సాయంత్రంలో అయ్యే పని కాదు, సగంలో ఆపి పంపకండి.