పార్ట్‌నర్ కంపెనీ వాళ్లకు ఎస్ఎస్ఓ లాగిన్ ఫెయిలవుతుంటే నేను చేసింది

మా సరఫరాదారుల పోర్టల్‌లోకి మూడు కంపెనీల వాళ్లు తమ ఆఫీసు ఐడీతోనే (దీన్నే ఎస్ఎస్ఓ, అంటే సింగిల్ సైన్-ఆన్ అంటారు), శామల్ 2.0 (SAML, లాగిన్ ధ్రువీకరణను ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి పంపే పద్ధతి) ద్వారా వస్తారు. అందులో ఒక్క కంపెనీ వాళ్లకే లాగిన్ పడటం లేదు. మొదట అప్పుడప్పుడు, తర్వాత ప్రతిసారీ. మెటాడేటా (రెండు వైపుల సెట్టింగుల ఫైలు) మళ్లీ ఎక్కించడం, సర్టిఫికెట్ మార్చడం, కుకీలు తుడవడం అన్నీ దండగే.

చివరికి వాళ్ల ఉద్యోగిని స్క్రీన్ షేర్ చేయమని, బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిపించి, శామల్ రెస్పాన్స్ (వాళ్ల సిస్టమ్ మాకు పంపే లాగిన్ టోకెన్) కాపీ తీసుకున్నాను. అది బేస్64 కోడ్‌లో ఉంటుంది, దాన్ని చదవగలిగేలా డీకోడ్ చేయడం నా సిస్టమ్‌లోనే చేశాను (కనిపించిన వెబ్‌సైట్‌లో అతికించకండి, అందులో మనిషి వివరాలు ఉంటాయి). అందులోని ‘నాట్ బిఫోర్’ (టోకెన్ ఎప్పటి నుంచి చెల్లుతుందో చెప్పే) సమయాన్ని మా సర్వర్ గడియారంతో పోల్చాను. మా గడియారం 94 సెకన్లు వెనక! అంటే వాళ్లిచ్చిన టోకెన్ మాకింకా పుట్టనే లేదు.

ఫైర్‌వాల్‌లో యూడీపీ 123 పోర్టు మూసుకుపోయి, ఆ పోర్టు మీదుగా సర్వర్ గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీ ఆగిపోయింది. పోర్టు తెరిపించాను, క్రోనీలో (సర్వర్ గడియారాన్ని సరిచూసే ప్రోగ్రామ్) మేక్‌స్టెప్ కొట్టి సమయాన్ని ఒక్కసారిగా సరిచేశాను, ఆ తర్వాతే గడియారాల మధ్య అనుమతించే తేడాను 60 సెకన్లు చేశాను. వెంటనే లాగిన్ పడింది.

మిగతా ఇద్దరికి ఎందుకు ఆగలేదంటే, వాళ్ల టోకెన్లలో ‘నాట్ బిఫోర్’ టోకెన్ ఇచ్చిన సమయం కంటే కొన్ని నిమిషాలు వెనక్కి వేసి ఉంది. మీ దగ్గర కారణం వేరే కావచ్చు. ‘ఆడియన్స్’ (టోకెన్ ఎవరి కోసమో చెప్పే విలువ) తప్పుంటే ఇది పనిచేయదు.