నొప్పి తగ్గినా కీలు ఎందుకు అరుగుతుంది? రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో ఎంజైముల పాత్ర

సమస్య: పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతాయి, గంట దాటినా సడలవు. రెండు చేతుల్లోనూ వేళ్ల మొదళ్లు, మధ్య కణుపులు వాచి వేడిగా ఉంటాయి.

కారణం: రోగనిరోధక వ్యవస్థ కీలు లోపలి పొర మీద దాడి చేస్తోంది. అక్కడ కాక్స్-2 అనే ఎంజైము ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేస్తుంది. నొప్పి, వాపు చాలావరకు వాటి వల్లే.

పరిష్కారం: నొప్పి మాత్రలు ఈ ఎంజైమును అడ్డుకుని ఉపశమనం ఇస్తాయి. జబ్బు ముదరకుండా ఆపలేవు.

సమస్య: మాత్రలతో హాయిగానే ఉంది, కానీ ఎక్స్‌రేలో ఎముక అంచు కొరికేసినట్టు కనిపిస్తోంది.

కారణం: చాలామంది మోసపోయేది ఇక్కడే. నొప్పి పుట్టించే ఎంజైము వేరు, కీలును తినేసేవి వేరు. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 వంటి సంకేతాలు అందగానే వాచిన పొరలోని కణాలు ఎంఎంపీ అనే ఎంజైములను విడుదల చేస్తాయి. వాటిలో ఎంఎంపీ-1, ఎంఎంపీ-13 మృదులాస్థికి (కీలులో ఎముకల చివర్లను కప్పే నున్నటి పొర) గట్టిదనమిచ్చే కొల్లాజెన్ పోగులను తెంపేస్తాయి. ఆడమ్‌టీఎస్ రకం ఎంజైములు అందులో నీటిని పట్టి ఉంచే అగ్రికాన్ అనే ప్రోటీన్‌ను కత్తిరిస్తాయి. ఎముకను కరిగించే కణాలు కాథెప్సిన్-కె అనే ఎంజైముతో తమ పని తాము చేసుకుపోతాయి. వీటిలో ఎంఎంపీలకు కళ్లెం వేసే టింప్ ప్రోటీన్లు శరీరంలో ఉన్నాయి, కానీ ఇంత ఉద్ధృతికి అవి చాలవు.

పరిష్కారం: ఎంఎంపీలనే నేరుగా అడ్డుకునే మందులు ప్రయత్నించారు, ఫలితం దక్కలేదు. కొన్నయితే కొత్తగా కండరాల, కీళ్ల నొప్పులు తెచ్చాయి. అందుకే ఇప్పుడు ఎంజైములను పురిగొల్పే సంకేతాలనే అణచివేస్తారు. మొదటి మందు సాధారణంగా మెథోట్రెక్సేట్. దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. అది చాలకపోతే టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు, లేదా కణం లోపల సంకేతాన్ని మోసే జాక్ ఎంజైములను ఆపే టోఫాసిటినిబ్ వంటి మాత్రలు ఉన్నాయి. గుండె జబ్బు ముప్పు ఉన్నవాళ్లు ఈ మాత్రల గురించి డాక్టరుతో తప్పక మాట్లాడాలి.

సమస్య: వాపు లేదు, రక్తపరీక్షలో మాత్రం యాంటీ-సీసీపీ పాజిటివ్.

కారణం: ప్యాడ్ ఎంజైములు ప్రోటీన్లలోని ఆర్జినిన్‌ను సిట్రులిన్‌గా మారుస్తాయి. అలా మారిన సొంత ప్రోటీన్‌ను శరీరం పరాయిదిగా ఎంచి యాంటీబాడీలు తయారుచేస్తుంది. యాంటీ-సీసీపీ పరీక్ష పట్టుకునేది వీటినే. పొగ తాగేవారి ఊపిరితిత్తుల్లో ఈ మార్పు ఎక్కువ.

పరిష్కారం: పాజిటివ్ వచ్చిన ప్రతివారికీ జబ్బు రాదు. సిగరెట్ మానేయాలి, చిగుళ్ల జబ్బుంటే చికిత్స చేయించుకోవాలి. పొద్దుటి బిగుతు మొదలైతే నెలల తరబడి జాప్యం చేయకుండా రుమటాలజిస్టును (కీళ్లవాతం నిపుణుణ్ని) కలవాలి.