కాలనీలో తడి చెత్త, పొడి చెత్త వేరుగా వచ్చేలా చేయడం ఎలా?

చెత్త వేరు చేయాలని తీర్మానం చేసే సంఘాలు చాలా ఉంటాయి. మూడు నెలలు గడిచాక కూడా చెత్త వేరుగానే వస్తున్న కాలనీలు మాత్రం తక్కువ. పని ఆగిపోయాక "జనం మారరండీ" అని చేతులెత్తేస్తారు. లోపం జనంలో ఉండదు. గుమ్మం దగ్గర చెత్త తీసుకునే మనిషికి, కలిపేసిన చెత్తను వద్దనే అధికారం సంఘం ఇవ్వకపోవడంలోనే ఉంటుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ ఒక్క మెట్టు గురించే. మిగతావి కష్టం కాదు.

ముందుగా తూకం

ఏదీ కొనకముందు ఏడు రోజులు కాలనీ చెత్తంతా తూకం వేయండి. సెలవు రోజులు కూడా అందులో ఉండాలి, ఆ రోజుల్లో చెత్త తీరే వేరు. ఒక రోజు చెత్తను టార్పాలిన్ మీద పరిచి తడి, పొడి, డైపర్లు-ప్యాడ్లు, హానికరమైనవి అని నాలుగు కుప్పలు చేసి విడివిడిగా తూయండి. ఆ పని చేసేవాళ్లకు మందపాటి గ్లోవ్స్, బూట్లు తప్పనిసరి. ఈ అంకెలు చేతిలో లేకుండా యంత్రాలు అమ్మేవాళ్లతో మాట్లాడకండి.

యంత్రాల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఒక్క రోజులో ఎరువు ఇస్తుందని చెప్పే యంత్రాల్లో చాలావాటి పని చెత్తను వేడిచేసి, రుబ్బి, ఆరబెట్టడమే. బయటికి వచ్చే పొడి చూడ్డానికి ఎరువులాగే ఉంటుంది. దాని మీద నీళ్లు చల్లి నాలుగు రోజులు ఉంచితే మళ్లీ కుళ్లి వాసన వస్తుంది, ఎందుకంటే అది ఇంకా మాగలేదు. అలాంటి పొడిని మొక్కల మొదట్లో వేస్తే వేళ్లు దెబ్బతింటాయి. పైగా కరెంటు ఖర్చు. కలిసిన చెత్త పోస్తే ఏ యంత్రమైనా పాడవుతుంది, అందుకే ముందు గుమ్మం సంగతి తేలాలి.

తీర్మానంలో ఏముండాలి

నాలుగు బాధ్యతలు, నలుగురి పేర్లు: గుమ్మం దగ్గర పర్యవేక్షణ, కంపోస్టు, పొడి చెత్త అప్పగింత, కార్మికుల బాగోగులు. అన్నీ కార్యదర్శి నెత్తిన పెడితే రెండో నెలకే ఆయన అలసిపోతారు. "కలిపిన చెత్త తీసుకోబడదు, ఏ ఇంటికీ మినహాయింపు లేదు" అన్న వాక్యం తీర్మానంలో అక్షరాలా ఉండాలి. కార్మికుల జీతం పెంపు కూడా అదే తీర్మానంలో రాయండి. పని పెరిగినప్పుడు జీతం పెంచకపోవడం అన్యాయం. టెటనస్ టీకా, ఆరు నెలలకోసారి కొత్త గ్లోవ్స్ సంఘం ఖర్చే.

మొదలుపెట్టే తేదీ మూడు వారాల ముందే చెప్పండి. ఇంటి యజమానికి చెబితే సరిపోదు. అద్దెకున్నవాళ్లకు, ఇంటిపనికి వచ్చేవాళ్లకు విడిగా చెప్పాలి. చాలా ఇళ్లలో చెత్త బకెట్ ముట్టుకునేది వాళ్లే, సమావేశానికి పిలవనిదీ వాళ్లనే.

సామాన్లు

ఇంటికి మూత లేని పది లీటర్ల ఆకుపచ్చ బకెట్ ఒకటి, పొడి చెత్తకు ఒక గోనె సంచి. తోపుడు బండి మీద 120 లీటర్ల డ్రమ్ములు రెండు తడి చెత్తకు, ఒకటి ఎర్ర రంగుది డైపర్లకూ ప్యాడ్లకూ. వంద కిలోల కాటా, ఒక రిజిస్టరు, జిగురున్న చీటీలు. బకెట్‌కు మూత ఎందుకు వద్దంటే, మూత ఉంటే లోపల రెండు రోజులు నిల్వ ఉంచేస్తారు. మూత లేకపోతే ఏ రోజుది ఆ రోజే బయటికి వస్తుంది.

మొదటి రోజు ఉదయమే వీధి చివర ఉమ్మడి కుండీ తీసేయండి. అపార్టుమెంట్లలో చెత్త వేసే గొట్టం ఉంటే తాళం వేయండి. ఇది వాయిదా వేస్తే మిగతాదంతా వృథా. గుమ్మం దగ్గర వద్దన్న సంచి అదే రాత్రి ఆ కుండీలో తేలుతుంది.

గుమ్మం దగ్గర: అసలు పని

తన మాటకు కాలనీ మొత్తంలో ఎవరూ విలువివ్వని చెత్త కార్మికురాలిని పిలిచి, అందరి ఇళ్లకూ వెళ్లి "కాదు" అని చెప్పమంటున్నాం. ఇల్లు ఆమెది కాదు, ఉద్యోగం ఆ ఇళ్లవాళ్ల చేతిలో ఉంది, ఎదురుగా ఉన్నది యజమాని. ఒంటరిగా వదిలేస్తే ఆమె కాదనదు, కాదనలేదు. సంచి తీసుకుంటుంది. పక్కింటివాళ్లు అది చూస్తారు. వారం తిరిగేసరికి అందరూ పాత పద్ధతికి వచ్చేస్తారు.

అందుకే మొదటి ఇరవై ఒక్క రోజులు కార్యవర్గంలో ఒకరు బండి వెంట నడవాలి. రోజుకొకరు మారినా ఫర్వాలేదు, బండి ఒంటరిగా వెళ్లకూడదు. మొదటి వారం అంతా బాగా చేస్తారు, కొత్తదనం వల్ల. రెండో వారంలో జారతారు. చాలా సంఘాలు మొదటి వారం చూసి మురిసి పర్యవేక్షణ ఆపేస్తాయి. మనిషి నిలబడాల్సింది సరిగ్గా ఆ రెండో వారంలోనే.

తడి చెత్త కవరులో కట్టి ఇస్తే తీసుకోవద్దు. బకెట్ తెచ్చి డ్రమ్ములో బోర్లించాలి. దీనికి మించిన చిట్కా లేదు. బోర్లించేటప్పుడు ప్లాస్టిక్ ముక్క, సీసా మూత, బ్లేడు అన్నీ కళ్ల ముందే పడతాయి. ముడి వేసిన నల్ల కవరులో ఏముందో ఎవరికీ తెలియదు. మట్టిలో కలిసిపోతాయని అమ్మే కవర్లూ వద్దు. మామూలు కవరుకూ వాటికీ తేడా బండి దగ్గర కనిపెట్టలేం. పైగా వాటిలో చాలా రకాలు కరగాలంటే పెద్ద ప్లాంట్లలో ఉండేంత వేడి కావాలి, కాలనీ తొట్టెలో అవి ముక్కలుగానే మిగులుతాయి. బకెట్‌కు చెత్త అంటుకుంటుందని ఎవరైనా అంటే అడుగున ఒక పాత న్యూస్‌పేపర్ వేసుకోమనండి. అది కాగితమే కాబట్టి కంపోస్టులో కలిసిపోతుంది.

బకెట్ చూశాక మూడే జవాబులు. శుభ్రంగా ఉంటే బోర్లించడం. పైన ఒకటి రెండు కవర్లు కనబడితే, "అమ్మా, ఇందులో కవరుంది, తీసివ్వండి" అని బకెట్ తిరిగి ఇంటివాళ్లకే ఇవ్వడం. పూర్తిగా కలిసిపోయి ఉంటే చీటీ అంటించి అక్కడే వదిలి ముందుకు వెళ్లడం. కార్మికురాలు చెయ్యి లోపల పెట్టి ఏరకూడదు, ఒక్క ముక్క కోసం కూడా. ఆమె ఏరిపెట్టిన రోజునే ఆ ఇంటివాళ్లకు "వాళ్లు తీసుకుంటార్లే" అని అర్థమవుతుంది. పైగా పగిలిన గాజు, సూదులు కోసుకునేది ఆమె చేతినే. కలిసిన చెత్తను వెనక షెడ్డులో ఏరించే పద్ధతి కూడా ఇదే కారణంగా వద్దు. అప్పటికే కాగితం, అట్ట తడిసి, కొనేవాళ్లు లేకుండా పోతాయి.

చీటీ మీద మూడు గళ్లు చాలు: కవర్లు కలిశాయి, డైపర్లు/ప్యాడ్లు కలిశాయి, గాజు/బ్యాటరీ కలిసింది. ఒకదానిలో టిక్కు. ఉపన్యాసం అవసరం లేదు.

వదిలేసిన బకెట్ మధ్యాహ్నానికి వాసన వేస్తుంది. అధ్యక్షుడికి ఫోన్ వస్తుంది. ఆ ఫోన్‌కు ఆయన చెప్పే జవాబు మీదే అంతా నిలిచి ఉంటుంది. "ఈ ఒక్కసారికి తీసుకోమంటాను" అన్నారా, సాయంత్రానికి కాలనీ అంతా తెలిసిపోతుంది. జవాబు ఒక్కటే ఉండాలి: "వేరు చేసి పెట్టండి, రేపు ఉదయం తప్పకుండా తీసుకుంటారు." చెప్పినట్టే రేపు తీసుకోవాలి. నిన్నటిదైనా, రెండు రోజులదైనా, వేరు చేసి ఇస్తే ఒక్క మాట అనకుండా తీసుకోవాలి. అలా తీసుకోకపోతే అది కక్ష అవుతుంది, జనం ఎదురు తిరుగుతారు.

చేతకానివాళ్లుంటారు: మంచం పట్టినవాళ్లు, ఒంటరి వృద్ధులు, పసిపిల్లల ఇళ్లు. వాళ్ల దగ్గర కూడా కలిసిన చెత్త తీసుకోవద్దు. కార్యవర్గంలో ఒకరు ఇంటికి వెళ్లి రెండు బకెట్లు ఎక్కడ పెడితే చేతికందుతాయో చూసి అమర్చాలి. సగం ఇళ్లలో సమస్య వంటింట్లో రెండో బకెట్‌కు చోటు లేకపోవడమే. సింకు కింద ఒకటి, తలుపు వెనక సంచి ఒకటి అని చూపిస్తే తీరిపోతుంది.

డైపర్లు, ప్యాడ్ల సంగతి సమావేశంలో పేరు పెట్టి, గట్టిగా చెప్పాలి. సిగ్గుపడి ఎవరూ ఎత్తకపోతే అవి తడి చెత్త అడుగున దాక్కుని వస్తాయి. న్యూస్‌పేపర్లో చుట్టి, ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, ఎర్ర డ్రమ్ములోనే వేయాలి. ఒక్క డైపరు చాలు, 120 లీటర్ల డ్రమ్ములో ఉన్న అందరి చెత్తా కంపోస్టుకు పనికిరాకుండా పోతుంది.

జరిమానా పెట్టమని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. పెట్టవద్దు. జరిమానా కట్టినవాళ్లు దాన్ని రుసుము అనుకుంటారు, "డబ్బు కట్టాం కదా, తీసుకెళ్లండి" అంటారు. ఇంటి నంబరుతో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఇంకా చెడ్డది. అవమానపడినవాళ్లు వేరు చేయరు. రాత్రిపూట సంచి తీసుకెళ్లి ఖాళీ స్థలంలో పడేస్తారు. చెత్త వారి గుమ్మంలోనే మిగిలిపోవడం కంటే బలమైన శిక్ష లేదు, అది చాలు.

మరొక ప్రమాదం బండి దగ్గర ఉంది. జనం వేరు చేసి ఇచ్చినదాన్ని వాళ్ల కళ్ల ముందే ఒకే లారీలో కలిపేస్తే మర్నాటి నుంచి ఎవరూ వేరు చేయరు, చేయమని అడిగే హక్కూ సంఘానికి ఉండదు. తడి చెత్త రోజూ, పొడి చెత్త వారంలో రెండు రోజులే తీసుకోండి, కలిసే అవకాశమే ఉండదు. పొడి చెత్త తీసుకెళ్లేవాళ్ల వెంట నెలకోసారి సంఘం తరఫున ఒకరు చివరిదాకా వెళ్లి, అది ఎక్కడ దిగుతోందో చూసి రావాలి. గేటు దాటితే మన బాధ్యత తీరిపోయిందనుకోవడం తప్పు.

రోజూ రిజిస్టరులో నాలుగు అంకెలు రాయండి: తడి ఎన్ని కిలోలు, పొడి ఎన్ని, డైపర్లు-ప్యాడ్లు ఎన్ని, చీటీలు ఎన్ని పడ్డాయి. వంద ఇళ్లలో అయిదుకు మించి చీటీలు పడుతున్నంత కాలం కంపోస్టు జోలికి వెళ్లవద్దు. అప్పటిదాకా తడి చెత్త బయటికే పంపండి.

కంపోస్టు

వంద ఇళ్లు, ఇంటికి రోజుకు అర కిలో అనుకుంటే యాభై కిలోలు, అంటే సుమారు వంద లీటర్లు. దానికి రెట్టింపు కొలత ఎండాకులు కలపాలి. ఇవి రోజూ కుంగి అణిగిపోతాయి కాబట్టి, మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉండి పక్కలకు గాలి ఆడే తొట్టె దాదాపు వారంలో నిండుతుంది. ఆరు వారాలు మగ్గాలి, ఈలోగా ఒకటి నిండుతూ, ఒకటి ఖాళీ అవుతూ ఉంటాయి కాబట్టి ఎనిమిది తొట్టెలు కట్టండి. మీటరు కన్నా చిన్నవైతే లోపల వేడి నిలవదు.

ఎండాకులు తక్కువ పడటమే అందరూ చేసే పొరపాటు. ఆకులు రాలే కాలంలో ఏడాదికి సరిపడా బస్తాల్లో నింపి తడవకుండా దాచాలి. కాల్చేవాళ్లను ఆపితే సగం బస్తాలు అక్కడే దొరుకుతాయి. లేకపోతే చింపిన అట్టపెట్టెలు, రంగు పూయని చెక్క పొట్టు వాడవచ్చు. ఎండాకుల్లో ఎక్కువుండే కార్బన్, తడి చెత్తలో ఎక్కువుండే నత్రజని పాళ్లు 25–30కి ఒకటి ఉండాలని పుస్తకాలు చెబుతాయి. బకెట్ లెక్కలో దాన్ని ఒకటికి రెండుగా పాటిస్తే సరిపోతుంది. ప్రతిరోజూ పైన నాలుగు వేళ్ల మందం ఎండాకులు కప్పితే ఈగలు గుడ్లు పెట్టవు.

తడి ఎంతుందో పిడికిలితో చూడండి. గుప్పిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎండాకులు చాలలేదు. అసలేమీ రాక ముద్ద విడిపోతే నీళ్లు చల్లాలి. కుళ్లిన గుడ్ల వాసన వస్తే గాలి అందడం లేదు, తిరగేయండి. ముక్కు మండించే అమ్మోనియా వాసనైతే నత్రజని ఎక్కువైంది, ఎండాకులు కలపండి. వాసన పోగొట్టడానికి ఫినాయిల్ చల్లకండి, పని చేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.

నిండిన తొట్టెలో పొడవాటి థర్మామీటరు గుచ్చితే కొన్ని రోజుల్లోనే 55 డిగ్రీలు దాటాలి. ఆ వేడి వరసగా మూడు రోజులు నిలిస్తే రోగక్రిములు, చాలా రకాల కలుపు విత్తనాలు చస్తాయి. 65 దాటితే తిరగేసి చల్లార్చండి. వారానికోసారి ఎలాగూ తిరగేయాలి, అంచున ఉన్నది మధ్యలోకి రావాలి. ఆరు వారాల తర్వాత తీసి, నీడలో కుప్పగా మరో నెల మాగనివ్వండి.

మాగిందో లేదో తెలుసుకోవడానికి ఒక గుప్పెడు తడి చేసి కవరులో గాలి పోకుండా కట్టి మూడు రోజులు ఉంచండి. విప్పితే వాన మట్టి వాసన రావాలి. పుల్లటి వాసన వస్తే ఇంకో రెండు వారాలు ఉంచండి. తర్వాత జల్లెడ పట్టి, పైన మిగిలిన పుల్లల్ని కొత్త తొట్టె అడుగున వేయండి.

పొడి చెత్త, హానికరమైనవి

పొడి చెత్తను ఇంట్లోనే మళ్లీ పది రకాలుగా వేరు చేయించాలని చూడకండి, మొదట్లోనే భయపడతారు. ఒకే సంచిలో రానివ్వండి, నూనె, పాలు అంటినవి కడిగి ఆరబెడితే చాలు. షెడ్డులో కాగితం, ప్లాస్టిక్, గాజు, లోహం అని నాలుగుగా విడగొడితే కొనేవాళ్లు వస్తారు. ఆ డబ్బు పూర్తిగా కార్మికులకే వెళ్లాలి.

బ్యాటరీలు, బల్బులు, పాత మందులు నెలకోసారి, ఒక నిర్ణీత రోజున. లిథియం బ్యాటరీలు పొడి చెత్తలో కలిస్తే నలిగినప్పుడు మంటలు లేవవచ్చు. వాటి కొనలకు టేపు అంటించి, విడిగా ఒక ప్లాస్టిక్ డబ్బాలో, అట్టలకూ కాగితాలకూ దూరంగా ఉంచండి.