అమ్మానాన్నల ఫోన్‌లో వైద్యం: ఎక్కడ ఆగుతుంది, ఎలా సరిచేయాలి

సమస్య: అభా నంబరు (వైద్య రికార్డులను ఒకచోట చూసుకునేందుకు వాడే ఆరోగ్య ఖాతా నంబరు) తీసుకోబోతే ఓటీపీ రాదు.
కారణం: ఆధార్‌కు లింకై ఉన్నది వేరే ఊళ్లో ఉండే కొడుకు నంబరో, ఎప్పుడో రీచార్జ్ మానేసిన పాత సిమ్మో అయి ఉంటుంది. కొడుకు ఫోన్ చూసి చెప్పేలోపు ఓటీపీ గడువు దాటిపోతుంది.
పరిష్కారం: ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి, వాళ్ల చేతిలో ఉండే ఫోన్ నంబరే లింక్ చేయించండి. ఇందుకు కాగితాలేవీ అక్కర్లేదు, మనిషి వెళ్తే చాలు. సందేహాలుంటే 1947కు ఫోన్ చేయండి.

సమస్య: 70 ఏళ్లు నిండినవాళ్లకు ఉచిత వైద్యం కోసం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు కోసం వెళ్తే వేలిముద్ర పడదు.
కారణం: ఏళ్ల తరబడి నాట్లు వేసి, అంట్లు తోమి, బీడీలు చుట్టి వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. వయసుతో చర్మం పొడిబారుతుంది కూడా. "గట్టిగా నొక్కమ్మా" అని కసురుకుంటే ముద్ర ఇంకా చెదురుతుంది, ఆమెకు టెన్షన్ పెరుగుతుంది.
పరిష్కారం: చేతులు కడిగి, తుడిచి, వేరే వేలు పెట్టించండి. అప్పటికీ పడకపోతే కనుపాప, ముఖం, ఓటీపీ అనే దారులున్నాయి. పట్టుబట్టి అడగండి. వేలు పడలేదని వెనక్కి పంపితే ఊరుకోకండి.

సమస్య: ఫోన్‌లోనే డాక్టర్‌తో మాట్లాడించే ప్రభుత్వ యాప్ ఈ-సంజీవనిలో డాక్టర్ కనిపిస్తారు, మన మాట ఆయనకు వినపడదు.
కారణం: మైక్ వాడుకోవచ్చా అని ఫోన్ అడిగినప్పుడు భయపడి వద్దని నొక్కేసి ఉంటారు.
పరిష్కారం: సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు మైక్ అనుమతి ఇవ్వండి. చెవులు సరిగ్గా వినపడనివాళ్లకు ఇయర్‌ఫోన్ పెట్టండి. వాడుతున్న మాత్రల షీట్లన్నీ ముందే బల్ల మీద పెట్టుకోండి.

ఇక్కడ ఫోన్‌కు సంబంధం లేని తప్పు ఒకటి జరుగుతుంటుంది. పక్కన కూర్చున్న మనమే "మోకాళ్ల నొప్పులండీ" అని గబగబా చెప్పేస్తాం. రాత్రిళ్లు అరికాళ్లు మంటలెత్తుతున్న సంగతి నాన్న నోట్లోనే ఉండిపోతుంది. షుగర్ ఉన్న మనిషికి అది చిన్న విషయం కాదు. ఫోన్ మీరు పట్టుకోండి, బాధ ఆయన్నే చెప్పనివ్వండి.

ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, మాట తడబడటం కనిపిస్తే యాప్ జోలికే వెళ్లకండి. వెంటనే 108.

సమస్య: "మీ హెల్త్ కార్డు ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తుంది.
పరిష్కారం: చెప్పకుండా పెట్టేయమనండి. డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎవరైనా తిడతారేమోనని పెద్దవాళ్లు దాచిపెడతారు, అందుకే "మేం తిట్టం" అని ముందే మాటివ్వండి.